శివారు చేనుకు ముందు నీళ్లు

(కోనసీమలోని ఒక గ్రామ గ్రంథాలయంలో, జనవరి మొదటి ఆదివారం సాయంత్రం, ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, పండక్కని హైదరాబాదు నుంచి ముందే వచ్చేసిన పిల్లలకు కూడా.

పది రోజుల్లో సంక్రాంతి. ఇళ్లకు వెల్లలు, అరిసెల పిండి, కొత్త అల్లుళ్ల మర్యాదలు, ఒక్క పని కాదు. ఇంత పనిలోనూ గంటసేపు కూర్చుందామని వచ్చారు, చాలా సంతోషం. కొత్త సంవత్సరంలో ఇంటి డబ్బు గురించి ఏం అనుకోవాలి, అనుకున్నది ఎక్కడ మొదలుపెట్టాలి, ఈ రెండూ చెప్పమన్నారు గ్రంథాలయం వాళ్లు. నేను ముప్పై రెండేళ్లు ఈ డెల్టాలోనే పనిచేశాను. రాజోలు వైపు, పాలకొల్లు వైపు, ముమ్మిడివరం వైపు, ఎక్కడ వేస్తే అక్కడ బ్యాంకు కౌంటర్ వెనక కూర్చున్నాను. మీ పాసు పుస్తకాలే నా చదువు. అందులోంచి నేర్చుకున్నదే మీకు చెబుతాను.

ఏటా జనవరిలో మా బ్రాంచికి కేలండర్లు, డైరీలు వచ్చేవి. డైరీ కోసం పోటీ పడేవారు. తీసుకున్నాయన అక్కడే బల్ల మీద మొదటి పేజీ తెరిచి, ‘ఈ సంవత్సరం పొదుపు చేయాలి’ అని రాసుకున్న సందర్భాలు నా కళ్లతో చూశాను. మళ్లీ జనవరికి ఆయనే వచ్చి, అదే మాట కొత్త డైరీలో రాసుకునేవారు. ఆయనకు పట్టుదల లేదని నేను ఎప్పుడూ అనుకోలేదు. నాలుగున్నరకి లేచి చేలోకి వెళ్లే మనిషికి పట్టుదల లేదని ఎలా అంటాం?

ఇబ్బంది ఎక్కడంటే, పొదుపు గురించి మనకు చెప్పేవాళ్లంతా నెల జీతం లెక్కలో చెబుతారు. ఒకటో తారీఖున జీతం పడగానే ఇంత శాతం పక్కన పెట్టండి అంటారు. మన ఊళ్లో ఒకటో తారీఖున డబ్బు పడేది ఎంతమందికండి? వానాకాలం పంట, అదే సార్వా, ధాన్యం డబ్బు డిసెంబరు, జనవరిలో వస్తుంది. రెండో పంట, అదే దాళ్వా, డబ్బు వేసవి ముంగిట్లో వస్తుంది. కొబ్బరి దింపు దింపుకీ, అంటే నెలన్నరకో రెండు నెలలకో ఓసారి వస్తుంది. రొయ్యల చెరువైతే మూడు నాలుగు నెలలు మేత పోసి, నిద్ర మానుకుని కాపలా కాస్తే, తెల్ల మచ్చ తెగులు రాకపోతే, అప్పుడు వస్తుంది. గల్ఫ్ నుంచి వచ్చేది అక్కడి యజమాని ఇచ్చినప్పుడు వస్తుంది. డబ్బు ఒక్కసారి పోటెత్తుతుంది, తర్వాత నెలల తరబడి ఎండిపోతుంది. ఇలా వచ్చే డబ్బుకి నెల జీతం లెక్క వేస్తే అతకదు.

మరి మన లెక్క ఏది? అది మన కాలువ గట్టు మీదే ఉంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచి మనం నీళ్ల లెక్కతోనే బతుకుతున్నాం. పెద్ద కాలువ, దాంట్లోంచి పంట కాలువ, దాంట్లోంచి బోదె, బోదె చివర చేను. ఆ చివరి చేలను శివారు భూములంటాం. దాళ్వాలో నీళ్లు తక్కువైన ఏడాది ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎగువన ఉన్నవాళ్లు తూములు ఎత్తుకుంటారు, ఇంజన్లు పెట్టి తోడేసుకుంటారు. ఎవరూ దొంగలు కారు, ఎవరి చేను వాళ్లది. కానీ శివారుకి వచ్చేసరికి బోదెలో బురద తప్ప ఏమీ ఉండదు. అందుకే వంతులవారీ పెడతారు. ఇన్ని రోజులు ఎగువ తూములు మూసేసి, శివారుకి నీళ్లు ఎక్కిస్తారు. కాలువ కాపలా చూసే లస్కరు సైకిలేసుకుని గట్టంతా తిరుగుతాడు, మూసిన తూము ఎవరూ ఎత్తకుండా.

మన ఇంట్లో పొదుపు అనేది శివారు చేనండి. పిల్ల చదువు, ఇంటి పైకప్పు, ముసలితనం, ఇవన్నీ బోదె చివర ఉన్నాయి. ధాన్యం డబ్బు రాగానే ఎరువుల కొట్టు, కిరాణా కొట్టు, వడ్డీ, పండగ, పెళ్లి పిలుపులు, అన్నీ ఎగువన ఉన్నాయి. అందరికీ ఇచ్చాక మిగిలితే దాద్దాం అనుకుంటే, శివారుకి నీళ్లు అందవు. ముప్పై రెండేళ్లలో ‘మిగిలితే దాద్దాం’ అనుకుని దాచగలిగినవాళ్లు నాకు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కనబడ్డారు. డబ్బు వచ్చిన రోజున ముందు ఆ చివరి తూము ఎత్తాలి. కొద్దిగా ఎత్తండి చాలు, కానీ ముందు ఎత్తండి.

ఈ మాట నేను ఎందుకింత గట్టిగా అంటున్నానో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మా నాన్నగారికి రెండెకరాల కొబ్బరి తోట. వీధరుగు పక్కన గోడ మీద బొగ్గుతో దింపు లెక్క రాసేవారు. ఏ నెల, ఎన్ని కాయలు, వెయ్యికి ఎంత ధర పలికింది. ఆ గోడకి వెల్ల వెయ్యనిచ్చేవారు కాదు. కాయల లెక్కలో ఒక్క కాయ తేడా రాదు. కానీ వచ్చిన డబ్బు ఎటు పోయిందో మాత్రం ఆ గోడ మీద ఎక్కడా లేదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చింది. ఇక్కడ నలభై దాటినవాళ్లందరికీ ఆ రాత్రి గుర్తుంటుంది. తెల్లారి చూస్తే తొంభై చెట్లలో అరవై నాలుగు పడిపోయి ఉన్నాయి. కొన్ని వేళ్లతో లేచిపోయాయి, కొన్ని నడుముకి విరిగిపోయాయి. నాన్నగారు ఒక్కో మొద్దు మీద చెయ్యి వేసి నిలబడ్డారు, మాట్లాడలేదు. కొబ్బరి మొక్క ఇవాళ నాటితే కాపుకి వచ్చేసరికి ఆరేడేళ్లు.

చేతిలో రెండు నెలల తిండి గింజలకి సరిపడా డబ్బు ఉండి ఉంటే, నిదానంగా ఆలోచించుకునేవారు. లేదు. వారం తిరక్కుండా నెలకి నూటికి మూడు రూపాయల వడ్డీకి 40 వేలు తెచ్చారు. నేను అప్పటికి బ్యాంకులో పనిచేస్తున్నాను. ఆడపిల్లకి చెప్పడం ఏమిటని నాకు తెలియనివ్వలేదు. ప్రామిసరీ నోటుకి మూడేళ్లయితే కాలదోషం పడుతుంది, అంటే కోర్టులో చెల్లదు కదా, అందుకని మూడేళ్లు నిండకముందే అప్పిచ్చినవాళ్లు నోటు తిరగరాయించుకుంటారు. వడ్డీ కలిపి అదే కొత్త అసలవుతుంది. చూడండి, 40 వేలకి మూడేళ్లకి వడ్డీ 43,200. కొత్త నోటు 83,200కి. దాని మీద మళ్లీ మూడేళ్లు. అప్పుడు నోటు 1,73,056. ఆ అంకె నాకు కంఠతా వచ్చు, ఎందుకంటే ఆ రెవెన్యూ స్టాంపు మీద మా నాన్నగారి సంతకం వణికి ఉంది. అరెకరం అమ్మి తీర్చాం. తుపాను తీసుకుపోయింది చెట్లనే, నేలను తీసుకుపోయింది ఆ నోటు.

కాబట్టి కొత్త సంవత్సరం మొదటి పని, పొదుపు కన్నా ముందు పని, అప్పులు రాయడం. ఒక్క పేజీ చాలు. ఎవరికి, ఎంత, ఎన్ని రూపాయల వడ్డీ, నోటు ఏ తేదీన రాశారు. చేబదుళ్లు, చీరల బాకీ, చివరికి వెయ్యి రూపాయలన్నా సరే రాయండి. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ కూర్చుని రాయాలి. ఒకరికి తెలియకుండా ఒకరు చేసిన అప్పు ఆ పేజీలోకి రావాలంటే, ఆ సాయంత్రం ఎవరూ ఎవరినీ కేకలేయకూడదు. దీనికి ముందు ఒప్పందం చేసుకోండి. ఇది చిన్న మాటలా కనబడుతుంది గానీ, నేను చూసిన ఇళ్లలో చాలా అప్పులు ముదిరింది భయం వల్లే.

రాశాక వడ్డీని ఒకే భాషలోకి తెచ్చుకోండి. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఒక పెద్దాయన నా కౌంటర్ దగ్గరకొచ్చి, ‘అమ్మా, మీ బ్యాంకులో తొమ్మిది, మా ఊళ్లో రెండే కదా, బయటే నయం’ అన్నారు. బ్యాంకు చెప్పే తొమ్మిది ఏడాదికి. ఊళ్లో చెప్పే రెండు నెలకి. నెలకి రెండంటే ఏడాదికి 24. మూడంటే 36. ఈ లెక్క తెలియక ఆయన ఎన్నేళ్లు నష్టపోయారో! హైదరాబాదు నుంచి వచ్చిన పిల్లలూ, మీకూ చెబుతున్నాను. క్రెడిట్ కార్డు బిల్లులో ‘మినిమం డ్యూ’ మాత్రం కట్టి మిగతాది వదిలేస్తే, దాని మీద నెలకి మూడున్నర, ఆ పైన కూడా పడొచ్చు. మూడున్నరంటేనే ఏడాదికి 42. తాతగారు నూటికి మూడు వడ్డీకి తెచ్చారని బాధపడే మనమే, ఫోన్‌లో అంతకన్నా ఎక్కువ కడుతున్నాం. లోన్ యాప్‌ల జోలికి అసలు వెళ్లకండి. ఎవరైనా ఇప్పటికే ఇరుక్కుని బెదిరింపులు పడుతుంటే, సిగ్గుపడి దాచుకోవద్దు, ఇంట్లో చెప్పండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

తీర్చడం దేనితో మొదలుపెట్టాలి? గుమ్మంలో నిలబడి గట్టిగా అడిగేవాడితో మొదలుపెడతాం, అది మన మొహమాటం. ఎక్కువ వడ్డీదాంతో మొదలుపెట్టాలి. వీలుంటే చౌక అప్పు తెచ్చి ఖరీదైన అప్పు తీర్చేయాలి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు పంట రుణం 7 శాతానికి వస్తుంది, గడువులోగా కట్టినవాళ్లకి 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది. ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అయితే రెండు నెలలకే ఆ నాలుగు అయిపోతుంది. ఏడాది వడ్డీ రెండు నెలల్లో! కౌలు రైతులు కూడా పంట రుణం కోసం సాగుదారు హక్కు పత్రం, అదే సీసీఆర్సీ కార్డు, దాని గురించి సచివాలయంలో అడగండి. 2019 చట్టం కింద పదకొండు నెలలకి ఇస్తారు, భూమి హక్కుకి దాంతో ఏ సంబంధమూ లేదు. ఈ సంగతి భూమి గలవారికి కూడా చెప్పాలి, వాళ్ల భయం అదే కాబట్టి. డ్వాక్రా రుణం తక్కువ వడ్డీకి వచ్చినప్పుడు దాన్ని ఖరీదైన అప్పు మీదకి తిప్పండి. బంగారం కుదువ పెట్టడం పంట పెట్టుబడికి సరే. పండగకి మాత్రం పెట్టకండి. చెప్పాలనిపించింది, చెప్పేశాను.

ఇప్పుడు లక్ష్యం దగ్గరికి వద్దాం.

ఒక అమ్మ గురించి చెబుతాను. పేరు చెప్పను. కాలువ గట్టు మీద ఇల్లు, రెండు గేదెలు, నాట్లకి కూలికి వెళ్తుంది. ఆవిడ ఒకరోజు పాసు పుస్తకంతో పాటు మూడో తరగతి చదువుతున్న కొడుకు నోటుబుక్కు కూడా తెచ్చింది. చివరి పేజీలో వాడి చేతే రాయించింది. పెన్సిలుతో, గుండ్రంగా, నాలుగు లైన్లు.

‘గేదె – 80,000 – దసరాకి.’
‘డ్వాక్రా అప్పు 50,000. మనవి 30,000.’
‘శనివారం శనివారం పాల డబ్బులు 500. దాళ్వా నాట్లకి 5,000. సార్వా నాట్లకి 5,000.’
‘ఎవరు అడిగినా ఇవ్వకూడదు.’

నలభై శనివారాలు, ఐదొందలు చొప్పున 20 వేలు, రెండు నాట్ల కూలి 10 వేలు. లెక్క సరిపోయింది. నేను ఆ పేజీని చాలాసేపు చూశాను. పెద్ద చదువులు చదివినవాళ్లు వేసిన ప్లాన్లు కూడా చూశాను గానీ, అంత పక్కాగా రాసింది తక్కువ. ఏ వస్తువో ఉంది, ఎంతో ఉంది, ఎప్పటికో ఉంది, అన్నిటికన్నా ముఖ్యంగా ఏ డబ్బులోంచో ఉంది. ‘పొదుపు చేయాలి’ అన్న మాట అందులో ఎక్కడా లేదు.

ఆ కింద శనివారాల వరస ఉండేది, కట్టిన వారానికి టిక్కు. ఏడు గళ్లు ఖాళీ. ఒక గడిలో ‘నాకు జ్వరం’ అని ఆ పిల్లాడే రాశాడు. గేదె దసరాకి రాలేదు, కార్తీక మాసంలో వచ్చింది. నెల ఆలస్యమైతే ఏమైందండి? ఏడు వారాలు తప్పినా ఎనిమిదో వారం మళ్లీ కట్టింది చూడండి, అక్కడ ఉంది సంగతంతా. మనం రెండు వారాలు తప్పితే ‘ఇంక ఈ ఏడాది అయిపోయింది, వచ్చే జనవరికి చూద్దాం’ అనేస్తాం. వంతు తప్పితే చేను వదిలేస్తామా? తర్వాతి వంతుకి నీళ్లు పెట్టుకోమా?

ధాన్యం డబ్బు సంగతి ఒక లెక్కగా చూద్దాం. రెండెకరాల రైతుకి సార్వా ఖర్చులు, కౌలు, బాకీలు పోను 60 వేలు చేతికి మిగిలాయనుకోండి. ఖాతాలో పడిన రోజునే, బ్యాంకు మెట్లు దిగకముందే, 6 వేలు శివారుకి. ఇంట్లో చెప్పుకున్న లక్ష్యం ఏదో దాని పేరున వెయ్యండి. 25 వేలు దాళ్వా పెట్టుబడికి. 15 వేలు ఫిక్సెడ్ డిపాజిట్ వేసి, గడువు సరిగ్గా జూన్ మొదటి వారానికి పెట్టండి. ఎందుకంటే కాలువలకి నీళ్లు వదిలే వేళకీ, బడులు తెరిచే వేళకీ మనకి ఒకేసారి డబ్బు కావాలి, అప్పుడు చేతిలో ఉండదు, నూటికి మూడుకి పరుగెత్తేది ఆ జూన్‌లోనే. మిగతా 14 వేలు ఇంటికి, పండక్కి. మీ అంకెలు వేరుగా ఉండొచ్చు. కానీ ప్రతి ముక్కకీ ఒక తేదీ ఉండాలి. తేదీ లేని డబ్బు ఎగువ తూముల్లోకి పోతుంది.

కొబ్బరి ఉన్నవాళ్లకి దింపు దింపుకీ ఒక తూము. రొయ్యల రైతులకి నేను ఒక్క మాటే చెబుతాను. లాభం వచ్చిన పంటలో కొంత చెరువుకి సంబంధం లేని చోట పెట్టండి, మొత్తం పక్క చెరువు లీజుకి పెట్టేయకండి. ఒక్క తెగులుతో రెండు చెరువులూ పోయిన ఇళ్లు నాకు తెలుసు.

మొదటి లక్ష్యం ఏది పెట్టుకోవాలని అడుగుతారు. నా మాట వింటే, ఆపద డబ్బు. రెండు నెలల ఇంటి ఖర్చు. మన ప్రాంతంలో దానికి ఒక కేలండర్ ఉంది. వరద వచ్చేది జులై నుంచి సెప్టెంబరు దాకా, తుపాను భయం అక్టోబరు, నవంబరుల్లో. లంక గ్రామాల వాళ్లకి ఈ లెక్క మరీ బాగా తెలుసు, 1986 ఆగస్టు వరద చూసినవాళ్లు ఇక్కడ కూడా కొందరున్నారు. కాబట్టి ఆషాఢం నాటికి ఆ డబ్బు సిద్ధంగా ఉండాలి, కార్తీకం వెళ్లేదాకా దాన్ని కదపకూడదు. అది మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉన్నా చాలు. వడ్డీ తక్కువని బాధపడకండి. దాని పని వడ్డీ తేవడం కాదు, ఆ నోటు రాయకుండా ఆపడం.

తర్వాత బీమా. 2015లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకాలు రెండున్నాయి. జీవన జ్యోతి బీమాకి ఏడాదికి 436 రూపాయలు, పద్దెనిమిది నుంచి యాభై ఏళ్లలోపు చేరాలి, ఏ కారణంతో పోయినా కుటుంబానికి 2 లక్షలు. సురక్షా బీమాకి ఏడాదికి 20 రూపాయలు, డెబ్బై ఏళ్ల దాకా, ప్రమాదంలో పోతే 2 లక్షలు. రెండూ జూన్ 1 నుంచి మే 31 వరకు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇక్కడే. మే నెలాఖరుకి ఖాతాలో డబ్బు లేక ప్రీమియం కట్ కాదు. ఆయన చేరే ఉన్నాననుకుంటాడు. ఆగస్టులో కొబ్బరి చెట్టు మీంచి పడతాడు. భార్య కాగితాలు పట్టుకుని వస్తుంది. ‘ఈ ఏడాది కట్టలేదమ్మా’ అని చెప్పడం నా వంతు అయ్యేది. అలా మూడుసార్లు చెప్పాను నేను. దయచేసి ఇప్పుడే 500 రూపాయలు ఖాతాలో పడేయండి, మే నెలలో తీయకండి. దింపు తీసేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే, మీటింగ్ అయ్యాక నన్ను కలవకుండా వెళ్లొద్దు.

గల్ఫ్ వెళ్లిన ఆడపిల్లల గురించి కూడా చెప్పాలి. మన కోనసీమలో ఇంటికొకరు కాకపోయినా వీధికొకరున్నారు. ఒక చెల్లి ఆరేళ్లు కువైట్‌లో ఇంటి పని చేసి తిరిగి వచ్చింది. పాసు పుస్తకం ప్రింట్ చేయించుకుంది. చివరి అంకె 1,140. ‘మేడమ్, తర్వాతి పేజీ తిప్పండి’ అంది. తర్వాతి పేజీ లేదు. ఎవరూ ఆమెను మోసం చేయలేదు. మామగారి ఆపరేషన్, ఆడపడుచు పెళ్లి, ఇంటి స్లాబు, అన్నీ నిజమైన ఖర్చులే, అన్నిటికీ రసీదులున్నాయి. ఆమె పేరున మాత్రం ఒక్క తూమూ లేదు. ఇప్పుడు మీ ఇంట్లోంచి ఎవరైనా వెళ్తుంటే, వెళ్లకముందే కుటుంబమంతా కూర్చుని ఒక్క మాట అనుకోండి. డబ్బు పంపిన ప్రతిసారీ అందులో పదో వంతు ఆమె పేరున ఉన్న డిపాజిట్‌లోకి వెళ్తుంది, దాన్ని ఆమె తప్ప ఎవరూ తీయరు. అక్కడ పనిచేసేవాళ్ల పేరున ఎన్ఆర్ఈ ఖాతా, అంటే విదేశాల్లో ఉన్నవాళ్ల కోసం పెట్టిన ఖాతా, తెరవొచ్చు. ఆమె చేతులు అరిగి వచ్చిన డబ్బండి అది.

ఆడపిల్లల పేరున సుకన్య సమృద్ధి ఖాతా పోస్టాఫీసులో తెరవొచ్చు, పాపకి పదేళ్లు నిండకముందు. ఏడాదికి కనీసం 250, ఎక్కువంటే లక్షన్నర. పదిహేనేళ్లు కడతాం, తెరిచిన ఇరవై ఒక్క ఏళ్లకి పూర్తవుతుంది. వడ్డీని ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది, 2024 జనవరిలో 8.2 శాతం చేశారు. ఏటా ఏప్రిల్ మొదట్లో 12 వేలు చొప్పున కడితే మనం వేసేది 1,80,000. ఆ వడ్డీయే చివరిదాకా ఉందనుకుంటే చేతికి వచ్చేది సుమారు 5 లక్షల 70 వేలు. ఆ పన్నెండు వేలూ దింపుకి 2 వేలు చొప్పున ఏడాదికి ఆరు దింపుల్లో సర్దుకోవచ్చు.

చీటీల గురించి చెప్పమని ఇందాక ఒక బాబాయిగారు చెవిలో అడిగారు. నేనూ మునిగాను బాబాయిగారూ. మా వీధిలో తెలిసిన మనిషే, నెలకి 4 వేల చీటీ, పదిహేడు నెలలు కట్టాను, 68 వేలు. ఒకరోజు ఆ ఇంటికి తాళం. కాగితం అడగడానికి మొహమాటపడ్డాను, అంతే. చీటీ చెడ్డదని నేను అనను, చీటీ పాటతో పెళ్లిళ్లు చేసినవాళ్లున్నారు. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయిన చీటీనా కాదా, ఒప్పంద పత్రం చేతికిచ్చారా లేదా, ఈ రెండూ అడగండి. అడిగితే కోపం వచ్చే మనిషి దగ్గర వెయ్యకండి. అలాగే బ్యాంకు డిపాజిట్‌కి ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకు బీమా ఉంది. ప్రాథమిక సహకార సంఘంలో వేసిన డిపాజిట్‌కి ఆ బీమా లేదు. ఎక్కడ ఎంత ఉంచాలో అది తెలుసుకుని నిర్ణయించుకోండి.

ఇక పండగ. ఎలా చేసుకోవాలో నేను చెప్పను, సంక్రాంతి మనకి ప్రాణం. జగ్గన్నతోట తీర్థంలో ప్రభలు చూడని ఏడాది నాకూ ఏడాదిలా అనిపించదు. ఒక్కటే అడుగుతున్నాను. ముక్కనుమ రోజు సాయంత్రం, చుట్టాలు వెళ్లాక, ఈ పండక్కి ఎంతైందో రాయండి. బట్టలు, పిండివంటలు, అల్లుడి మర్యాద, రాకపోకలు, అన్నీ. పందేల బరి దగ్గర పోయింది కూడా రాయండి, భార్యకి తెలియకపోయినా ఆ పుస్తకానికి తెలియాలి. బరిలో పెట్టిన ధాన్యం డబ్బు సాయంత్రానికి చేతులు మారిపోవడం, మర్నాడు ఆ మనిషి బంగారం పట్టుకుని మా బ్రాంచి తలుపు తీయకముందే నిలబడటం నేను చూశాను. ఆ ముఖాలు మర్చిపోలేను. మొత్తం 18 వేలు అయిందనుకోండి, దాన్ని ఆరు దింపులకి పంచితే దింపుకి 3 వేలు. వచ్చే సంక్రాంతి ఖర్చుకి మొదటి తూము మాఘంలోనే ఎత్తేయొచ్చు.

నేను ఇంకా మాట్లాడొచ్చు గానీ చీకటి పడుతోంది, దోమలు లేస్తున్నాయి. ఆ బల్ల మీద నోటుబుక్కులున్నాయి, ఇంటికి ఒకటి తీసుకోండి. మొదటి పేజీ అప్పులకి, రెండో పేజీ లక్ష్యానికి. ఒక్క లక్ష్యం చాలు. వస్తువు, ఎంత, ఎప్పటికి, ఏ డబ్బులోంచి. ఇందాక ఒక మామ్మగారు ‘నాకు రాయడం రాదు కదమ్మా’ అన్నారు. ముందు వరసలో ఈ తొమ్మిదో తరగతి అమ్మాయిలు ముగ్గురూ పెన్నులు పట్టుకుని కూర్చున్నది అందుకే మామ్మగారూ, మీరు చెబితే వాళ్లు రాస్తారు. ఎవరి అంకెలూ బయట చెప్పకూడదని వాళ్లకి ముందే చెప్పాను. పాసు పుస్తకాలు తెచ్చినవాళ్లు ఇటు, నా దగ్గరికి రండి, బీమా ప్రీమియం కట్ అయిందో లేదో, నామినీ పేరు ఉందో లేదో చూద్దాం. దింపు తీసే అన్నయ్యలు ముందు రండి.